ముందు వినుట, తరువాత అక్షరాలు

వయోజనులకు చదువు చెప్పడంలో ఇంతకాలం జరిగిన ఘోరమైన పొరపాటును విద్యాశాఖవారు గుర్తించారని తెలియజేయడానికి సంతోషిస్తున్నాము. వినడం రానివారికి అక్షరాలు నేర్పి ఏం లాభం? కనుక ఇకపై ముందు వినుట; అందులో ఉత్తీర్ణులైనవారికే తరువాత అక్షరాలు. ఈ ఉత్తర్వును విద్యాకేంద్రం గోడకు అంటించారు. అక్కడికి వచ్చేవారిలో చదవగలిగినవారు ఎవరూ లేరు కాబట్టి అభ్యంతరాలేవీ రాలేదు.

శిక్షణ ఆరు నెలలు. మొదటి నెల నిటారుగా కూర్చోవడం, రెండో నెల చెప్పేవారి ముఖం వంక చూడడం, మూడో నెల తల ఊపడం. తల ఎంత మేరకు ఊపాలన్న విషయంలో ఉపసంఘం రెండుగా చీలిపోవడంతో నాలుగో నెల సెలవిచ్చారు. మిగతా రెండు నెలలూ పునశ్చరణ. పలకలన్నీ బీరువాలో పెట్టి మాస్టారు తాళం వేసుకున్నాడు.

అందరూ హాయిగా తలలూపుతుంటే, సందు చివర బట్టలు ఇస్త్రీ చేసే ఆవిడకు మాత్రం తొందర. ఇంట్లో అత్తగారికి పొద్దున ఒక మాత్ర, రాత్రి ఒక మాత్ర. ఇన్నాళ్లూ డబ్బా రంగు చూసి ఇచ్చేది. కంపెనీవాళ్లు రెండు డబ్బాలకూ ఒకే రంగు వేసి ఊరుకున్నారు. ఒకరోజు పొద్దున్నే రాత్రి మాత్ర పడింది. అత్తగారు సాయంత్రం దాకా కళ్లు తెరవలేదు. ఆ ఇల్లు అంత ప్రశాంతంగా ఎన్నడూ లేదని ఇరుగుపొరుగు మెచ్చుకున్నారు గాని, కోడలికి పై ప్రాణాలు పైనే పోయాయి. అప్పటినుంచి మందుల షాపతను రాత్రిదని చూపించిన డబ్బాకు దారం కట్టుకుంటోంది. దారం ఊడితే దిక్కెవరని బెంగ.

"మాస్టారూ, ఆ రెండు పేర్లు చదివేటన్ని అక్షరాలు చెప్పండి, చాలు," అని బతిమాలింది.

"ముందు విను," అన్నాడు మాస్టారు.

పరీక్ష రోజు రానే వచ్చింది. పరీక్షాధికారి ప్రసంగిస్తారు, అభ్యాసకులు విని మూడు ముఖ్యాంశాలు చెప్పాలి. అధికారి యాభై నిమిషాలు ఏకధాటిగా ప్రసంగించారు.

"వినడమంటే ఏమిటి? వినడమే! వినకపోతే ఏమవుతుంది? వినిపించదు! కనుక సోదర సోదరీమణులారా, విందాం, వింటూ ముందుకు సాగుదాం!"

మొదట బ్యాంకు వాచ్‌మన్‌ను లేపారు. కూర్చున్నచోటే కునుకు తీయడం ఆయనకు వృత్తిరీత్యా అబ్బిన విద్య. లేచీ లేవగానే "క్రమశిక్షణ, ఐకమత్యం, అభివృద్ధి" అన్నాడు. అధికారి పొంగిపోయారు. నూటికి తొంభై ఎనిమిది. గురక పెట్టినందుకు రెండు తగ్గించారు.

తరువాత ఇస్త్రీ ఆవిడ. ఆమె ఒక్క మాట పోనీయకుండా విన్నది.

"వినమన్నారండీ. అదే ఇరవైసార్లు అన్నారు. మధ్యలో ఫ్యాను వెయ్యమన్నారు. మూడోది ఎంత వెతికినా దొరకలేదండీ."

అధికారి మొహం జేవురించింది. ఆయనకూ మూడోది తెలియదు. అయినా మార్కులు వేసే కలం ఆయన చేతిలోనే ఉంది.

వాచ్‌మన్‌కు పలక ఇచ్చారు. ఆవిడకు ఒక కాగితం ఇచ్చి, మరో ఆరు నెలలు వినమన్నారు. ఆవిడ ఇంటికి వచ్చి, ఆ కాగితం మంచం మీద పడేసింది. అత్తగారు అది తీసుకుని, కళ్లకు దూరంగా పెట్టి, గట్టిగా చదివింది.

"వినుటలో సున్నా. అనుత్తీర్ణురాలు."

కోడలు గిరుక్కున ఇటు తిరిగింది.

"అత్తయ్యా! నీకు చదువొచ్చా?"

"అయిదో తరగతి దాకా చదివాను. నీ పెళ్లయిన కొత్తలోనే నీకు చెప్పాను."

"మరి ఆ రోజు రాత్రి మాత్ర ఇస్తుంటే చూస్తూ ఊరుకున్నావా?"

"ఊరుకోవడమేమిటే? ఇది రాత్రిది, ఇది రాత్రిది అని మొత్తుకున్నాను. నీ గొడవ ఎప్పుడూ ఉండేదే, ముందు మింగు అన్నావు. నీతో పడలేక మింగాను."

ఆవిడకు సున్నా వేయడం అన్యాయమని శాఖను నాలుగు దులుపుదామనే మేము ఇదంతా రాయడానికి కూర్చున్నాము. తీరా చూస్తే శాఖవారు వేసిన మార్కుల్లో అదొక్కటే సరైనదని తేలింది. మీరూ మేమూ ఆ పరీక్షకు కూర్చోలేదు కాబట్టి బతికిపోయాం.