అయిదు స్టాంపుల ఆఫీసరు

ఆ శనివారం ప్రకాశరావు గారు వేసుకున్న ఏర్పాటు చాలా చిన్నది. పొద్దున్నే అమలాపురం ఆఫీసులో నాలుగు సంతకాలు గీకేసి, పదకొండింటికల్లా భార్య సుందరి గారిని కారెక్కించుకుని, రాజోలులో మేనకోడలు జెస్సీ పెళ్లి ప్రధానానికి వెళ్లిపోవాలి. సుందరి గారు అప్పటికే పట్టుచీర కట్టుకుని వరండాలో కూర్చున్నారు.

ఆయన పనిచేసేది కొబ్బరి ఉత్పత్తుల సంస్థ అనే సర్కారు సంస్థలో. ఆ జిల్లా ఆఫీసులో పెద్ద పోస్టులు అయిదు, పెద్ద ఆఫీసరు మాత్రం ఒక్కరే. మార్కెటింగు, కొనుగోళ్లు, గిడ్డంగులు, సిబ్బంది... ఎవరు రిటైరైనా కొత్తవాళ్లని వెయ్యలేదు, ఆ కుర్చీ ఇన్‌చార్జి పేరుతో ఈయన నెత్తికే చుట్టుకుంది. ముప్పయ్యేళ్లు ఎదురుచూస్తే కిందటేడు దక్కిన జనరల్ మేనేజర్ పోస్టొక్కటే ఆయన సొంతం. ఇంకో పద్నాలుగు నెలలు ఆ కుర్చీలో కూర్చుని, ఆ హోదాతోనే రిటైరవ్వాలని ఆయనకి ప్రాణం. చర్చిలో సన్మానం చేసి, ఆ హోదాని మైకులో చదువుతుంటే వినాలని ఇంకా ప్రాణం.

పదింబావుకి స్టెనో క్రిస్టీనా ఓ కాగితం పట్టుకుని పరుగెత్తుకొచ్చింది.

"సార్, హెడ్డాఫీసు నుంచండీ! పునర్వ్యవస్థీకరణంటండీ. మన అయిదు పెద్ద పోస్టుల్లో ఒకటి ఎత్తేస్తారంట. అందులో సొంతంగా ఉన్న ఆఫీసర్ని హెడ్డాఫీసుకి లాగేస్తారంట. ఏ పోస్టు ఎందుకుండాలో, ఆ పోస్టు చూసే ఆఫీసరు ఇవాళే రాసి పంపాలంటండీ!"

"ఓస్, అంతేనా? అరగంట పనమ్మా. స్టాంపులు పట్రా."

బిస్కెట్ల డబ్బాలోంచి, మనిషి పేరు లేకుండా పోస్టు పేరు మాత్రమే ఉన్న అయిదు స్టాంపులూ బల్ల మీదికొచ్చాయి. ప్రకాశరావు గారికి ఊపొచ్చింది. మార్కెటింగు పోస్టు లేకపోతే కోనసీమ కొబ్బరికి దిక్కుండదని రాశారు. గిడ్డంగుల పోస్టు తీసేస్తే ఎలుకలకి పండగేనన్నారు. పరాయివాళ్ల కుర్చీని తక్కువ చేసి రాయడానికి ఆయనకి చెయ్యి రాదు. నాలుగు నోట్లూ చదివి క్రిస్టీనా చప్పట్లు కొట్టింది.

అయిదో నోటు దగ్గర మాత్రం ఆమె నోరు తెరుచుకుండిపోయింది. "జనరల్ మేనేజర్ పోస్టు అంత ముఖ్యమైనదేమీ కాదు. మిగిలిన అధికారుల సమర్థత వల్లే ఆఫీసు నడుస్తోంది. తమరెలా అంటే అలాగే" అని ఉంది.

"అయ్యబాబోయ్! సొంత పోస్టుకి ఇలా రాసేరేంటి సార్?"

"మన డప్పు మనమే కొట్టుకుంటే ఏం బాగుంటుందమ్మా? మర్యాదకి అలా అంటాం. విస్తట్లో చెయ్యడ్డం పెడితే వడ్డించడం మానేస్తారా ఏంటి? ఇంకో గరిటె ఎక్కువే వేస్తారు. చూస్తూ ఉండు!"

నోట్లు వెళ్లాయి. పదకొండింటికి సుందరి గారు ఫోన్ చేశారు. "బయల్దేరేరా అండీ?"

"ఆయ్, పది నిమిషాలు!"

ఆ ఫోన్ పెట్టగానే హెడ్డాఫీసులో ఈ పోస్టుల ఫైలు చూసే సత్యదుర్గారావు గారు ఫోన్ చేశారు. ఆయన ఏ మాటకి ఆ అర్థమే తీసుకునే మనిషి. "జీఎం గారి నోటు బాగుందండీ. దాని మీద మిగతా నలుగురు ఆఫీసర్ల అభిప్రాయం కూడా అర్జంటుగా పంపించండి."

ప్రకాశరావు గారు కలం పట్టుకుని చిక్కులో పడ్డారు. పైఅధికారి స్వయంగా తన పోస్టు ముఖ్యం కాదని రాస్తే, కింది అధికారి కాదనడం ఏ ఆఫీసు మర్యాద? మళ్లీ ఫోన్ మోగుతోంది, మళ్లీ సుందరి గారే. ఆ కంగారులో "జీఎం గారి అభిప్రాయంతో ఏకీభవిస్తున్నాను" అని నాలుగుసార్లు రాసి, నాలుగు స్టాంపులూ టపటపా గుద్దేశారు. క్రిస్టీనా మొహం చేతుల్లో దాచుకుంది.

పన్నెండుంబావుకి ఆర్డరొచ్చింది. జనరల్ మేనేజర్ పోస్టు రద్దు! అందులోని అధికారి సోమవారం హెడ్డాఫీసులో హాజరవ్వాలి. ప్రకాశరావు గారు కాగితం అక్కడే పడేసి, గబగబా ఫోన్ కలిపారు.

"సత్యదుర్గారావు గారూ, నేను మర్యాదకి రాసేనండీ!"

"మీరు ఎందుకు రాసినా, మీ ఆఫీసర్లు నలుగురూ ఒక్క మాట మీదున్నారు కదండీ! ఇంత ఐకమత్యం ఏ జిల్లాలోనూ చూళ్లేదు."

"ఆ నలుగురూ నేనేనండీ బాబూ!"

అవతల చాలాసేపు కాగితాలు తిరగేసిన చప్పుడు. "అయితే మిమ్మల్ని ఇక్కడికి లాగేస్తే ఆ నాలుగూ ఎవరు చూస్తారండీ?"

"ఎవరూ లేరండీ!"

"ఉండండి, ఎండీ గారిని అడుగుతాను."

ఈలోగా సుందరి గారు పట్టుచీరతో ఆటో దిగారు. సంగతి విని నెత్తి కొట్టుకున్నారు. "మీ మర్యాద మండిపోనూ! జెస్సీ అత్తారికి జీఎం గారి మేనకోడలని చెప్పుకున్నాం కదండీ!"

ఫోన్ మోగింది. మళ్లీ సత్యదుర్గారావు గారే.

"పోస్టు రద్దు రద్దేనండీ, కాగితం మంత్రిగారి దగ్గరికి వెళ్లిపోయింది. మీరు మాత్రం అక్కడే ఉండి నాలుగూ చూసుకోండి. జీఎం పని ఆగకూడదు కాబట్టి దానికీ మీరే ఇన్‌చార్జి. ఇప్పుడే చార్జి అప్పగించేసి, పుచ్చేసుకోండి!"

"ఆయ్! ఆయ్!" అని ఎగిరి గంతేశారు ప్రకాశరావు గారు. రెండు క్షణాలాగి, ఇక సొంత పోస్టనేది ఒక్కటీ మిగల్లేదని తెలిసి కుర్చీలో కూలబడ్డారు. కళ్లు చెమ్మగిల్లాయి.

క్రిస్టీనా చార్జి ఫారం పెట్టింది. అప్పగించినవారు ప్రకాశరావు, పుచ్చుకున్నవారు ప్రకాశరావు. అడుగున ఇంకో గడి ఉంది. వెళ్తున్న అధికారి గురించి కొత్త అధికారి అభిప్రాయం.

సుందరి గారు కారు హారన్ కొడుతున్నా వినకుండా ఆయన రెండు పేజీలు రాశారు. వెళ్లిపోయిన జీఎం గారంతటి సమర్థుడు జిల్లాలో లేడని, ఆ పోస్టు తీసేయడం ఘోరమైన తప్పని, వెంటనే తిరిగి పెట్టాలని రాసి, ఇన్‌చార్జి సంతకం చేసి స్టాంపు గట్టిగా గుద్దారు.

ఈసారి రాసింది తన గురించి కాదు గనక మర్యాదకేమీ లోటు రాలేదు.