కంప్యూటరు కోలాటం

ఆ ఆదివారం ఉదయం కంచరపాలెంలోని తమ గదిలో కూర్చుని నూకాలు వేసుకున్న ప్రణాళికలో లోపమేమీ లేదు. ఉక్కునగరంలో ఒక కాలనీ క్లబ్బు వార్షికోత్సవానికి వెళ్లడం, తాను తయారు చేసిన కంప్యూటరు ఆటను అక్కడికి అతిథిగా వస్తున్న మద్రాసు కంపెనీ ప్రతినిధి శ్రీరామ్మూర్తిగారికి చూపించడం, ఆయన సాయంత్రం రైలెక్కేలోగా 'సరే' అనిపించుకోవడం. 1986లో విశాఖలో కంప్యూటరును చూసినవారే అరుదు. దానికి ఆటలు అల్లేవారంటూ ఉంటే, అది నూకాలే.

ఆట పేరు 'రేవు'. తుపాను తీరం తాకేలోగా క్రేనుతో ఓడకు సరుకు నింపాలి. ఏడాది శ్రమ అంతా ఒక మామూలు టేపురికార్డరు క్యాసెట్టులో కీచుమనే ధ్వనిగా నిక్షిప్తమై ఉన్నది. కంప్యూటరు ఆ ధ్వనిని విని ఆటగా మార్చుకుంటుంది. రెండో ప్రతి కూడా ఉండేది గాని, దాని మీద మేనత్త వరహాలమ్మ తన కోలాటం పాట రికార్డు చేసుకున్నది. "ఊరికే కూతలు కూత్తందని నాను పాట పెట్టీసినాను," అన్నదామె, ఉపకారం చేసినట్టు.

నూకాలు ఆడవారిలోనూ చేరరు, మగవారిలోనూ చేరరు. చొక్కా, ప్యాంటు, చెవులకు ఎర్రరాళ్ల దుద్దులు. ఎవరైనా ఆరా తీస్తే, "నాను నూకాల్ని. అంతకంటే ఏటి కావాలి?" అనేవారు. అంతకంటే ఏమి కావాలో అడిగినవారికీ తోచేది కాదు. వరహాలమ్మ సైతం 'ఒరే', 'ఒలే' రెంటినీ మానుకుని పేరుతోనే పిలిచేది. మనుషులతో నూకాలుకు పేచీ లేదు. ఆ రోజు చిక్కు తెచ్చినవి బల్లలు.

క్లబ్బు ద్వారం దగ్గర రెండు బల్లలు వేశారు, ఒకటి మహిళల అంశాలకు, ఒకటి పురుషుల అంశాలకు. క్యాసెట్లన్నీ అక్కడే అప్పగించాలన్నది కార్యదర్శి ఉత్తర్వు. బల్లల అధిపతి కొండలరావు నూకాలును ఆపాదమస్తకం పరిశీలించాడు.

"ఆడోల్ల బల్లా, మగోల్ల బల్లా?"

"రెండూ కాదు బావా. కంప్యూటర్ బల్ల ఏదీ?"

"అలాటి బల్ల లేదు. ఇలగిచ్చీ, నాను సూసుకుంతాను."

నూకాలు లోపలి గదిలో కంప్యూటరుకు టీవీ అమర్చడానికి వెళ్లగానే కొండలరావు బుద్ధికి పదును పెట్టాడు. అదే సభలో కోలాటం వేయబోతున్న వరహాలమ్మ ఇచ్చిన క్యాసెట్టూ ఇదీ ఒకే రకం. ఇద్దరిదీ ఒకే ఇల్లు. కనుక రెండూ కోలాటానివే, ఒకటి చాలు. చేతికందినదాన్ని మైకుసెట్టు దాలయ్యకు పంపి, రెండోదాన్ని జేబులో భద్రపరిచాడు. తర్కంలో ఎక్కడా వంక లేదు.

వరహాలమ్మ బృందం వేదికెక్కి కర్రలెత్తింది. నాలుగు లౌడ్‌స్పీకర్లు ఒక్క గొంతుతో కీచుమన్నాయి. అసలు పాట వెనకెక్కడో సన్నగా ఉందేమోనని దాలయ్య శబ్దం మరింత పెంచాడు. ఎత్తిన కోలాటం మధ్యలో దించితే అరిష్టమని వరహాలమ్మ నమ్మకం.

"ఆపకండే. అడుగెయ్యండి," అన్నదామె పళ్ల బిగువున.

రాత్రి షిఫ్టు చేసి నిద్రపోతున్న కాలనీవాసులు అది ప్రమాదపు సైరనని లేచారు. లుంగీల మీద హెల్మెట్లు పెట్టుకుని పరుగెత్తారు. ఎవరో ఫైరింజనుకు ఫోను చేశారు. క్యాసెట్టు ఆసాంతం కూసి, బృందం నమస్కరించి దిగుతుండగా ఫైరింజను వచ్చి నిలిచింది. మంట ఎక్కడా లేదు. అంత దూరం వచ్చి ఏదీ ఆర్పకుండా పోవడం సిబ్బందికి నామోషీ అయింది. పందిరి వెనక కాఫీ పొయ్యి కనిపించగానే దాని మీద గొట్టం తిప్పారు. ఆ ధార పొయ్యిని ఆర్పి, దారిలో ఉన్న దాలయ్య బల్లను కూడా కడిగివేసింది. తడిసిన టేపురికార్డరు క్యాసెట్టును నమిలి ఉమ్మింది.

హెల్మెట్ల గుంపును తోసుకుని నూకాలు పరుగున వచ్చేసరికి ఏడాది శ్రమ గోధుమరంగు రిబ్బనై దాలయ్య మెడలో దండలా వేలాడుతున్నది.

"నీదేటి ఇది? పాటయితే ఇలగ అరుత్తాదేటి?" అన్నాడు దాలయ్య.

"పాట కాదు బావా, నా ఆట. ఇంకోటి లేదు."

వెనకే వచ్చిన శ్రీరామ్మూర్తి గడియారం చూసుకున్నారు. "మరోసారి చూద్దాం లెండి. నేను స్టేషనుకు బయల్దేరాలి."

మద్రాసువారి మరోసారికి తేదీ ఉండదని నూకాలుకు తెలుసు. "కూర్చోండి సార్. రైలుకి టైముంది." ఆపైన నూకాలు దాలయ్య బల్ల కిందికి వంగి చూశారు. ప్లాస్టిక్ గుడ్డ కప్పిన మరో టేపురికార్డరు మీద ఎర్రదీపం వెలుగుతున్నది.

"అదేటి సేత్తంది?"

"సభంతా రికార్డు సేత్తంది. సెక్రెట్రీకివ్వాల."

"మైకు పెట్టా, వైరు కలిపా?"

"వైరే. నానేటి పాతకాలపోన్నా?"

మైకు పెట్టి ఉంటే కర్రల చప్పుడు కలిసి అంతా పాడయ్యేది. వైరులోంచి వెళ్లిన కూత మాత్రం అక్షరం పోకుండా రెండో టేపులో కూర్చున్నది. నూకాలు దాన్ని తీసుకెళ్లి కంప్యూటరుకు తగిలించారు. టీవీ మీద రంగుల చారలు పరుగెత్తాయి. ఎవరూ ఊపిరి తీయలేదు, తనకు తెలియని విషయాన్ని పక్కవారికి వివరిస్తున్న కొండలరావు తప్ప. చివరికి నల్లని తెర మీద క్రేను మెడ నిక్కించి నిలబడింది.

శ్రీరామ్మూర్తి ఒకసారి ఆడారు. ఓడ మునిగింది. చేతిసంచి కింద పెట్టి మళ్లీ ఆడారు.

"ఈ క్రేనులో ఉన్నది మగా, ఆడా?"

"క్రేను నడపడం వచ్చిన మనిషి సార్."

ఆయన మళ్లీ మీట నొక్కారు. "సరే, మా కంపెనీ తీసుకుంటుంది. రైలు రేపూ ఉంటుంది, ముందు ఈ ఓడ నింపనివ్వండి."

ఆ సాయంత్రం కోలాటానికి ప్రథమ బహుమతి వచ్చింది. న్యాయనిర్ణేతలు సంగీతాన్ని ప్రత్యేకంగా ప్రశంసించారు.