దండల బుట్ట కాపలా

ఒక పెద్ద అడవిలో అన్నీ ఉండేవి. కొండ ఉంది, వాగు ఉంది, పంచాయతీ ఉంది, ఆ పంచాయతీకి ఇరవై ముగ్గురు సభ్యులున్నారు. లేనిదల్లా ఒక్క నాటకం. అది చూడాలంటే నగరానికి పోవాల్సిందే. నగరమంటే మనుషులది కాదు లెండి. కుక్కలూ, పిల్లులూ, గాడిదలూ, పావురాలూ కాపురముండే మహానగరం.

ఆ అడవిలో సూరమ్మ అనే ముసలి ముళ్ళపంది ఉండేది. పదేళ్ళ కిందట దారి తప్పి నగరంలో పడి, భయపడి ఒక నాటకశాల వేదిక కింద దూరింది. పైన ‘పడవ నారాయుడి కూతురు’ అనే నాటకం జరుగుతోంది. వరదలో అవతలి ఒడ్డున చిక్కుకున్న పిల్ల కోసం తండ్రి పడవ విప్పాడు. సరిగ్గా అక్కడికి వచ్చేసరికి కాపలా కుక్క సూరమ్మను చూసి తరిమేసింది. పిల్ల ఇల్లు చేరిందో లేదో తెలియలేదు. పదేళ్ళుగా వాన పడ్డప్పుడల్లా సూరమ్మకు ఆ పిల్లే గుర్తొచ్చేది, తిండి సయించేది కాదు.

ఒకరోజు గోరింక కబురు తెచ్చింది. ఆ నాటక సమాజాన్ని మూసేస్తున్నారట. వచ్చే ఆదివారం సాయంత్రం నాలుగింటికి అదే నాటకం ఆఖరిసారి ఆడతారట.

అడవి పొలిమేర దాటాలంటే పంచాయతీ అనుమతి కావాలి. అదీ గుంపుగా పోతేనే ఇస్తారు. సూరమ్మ పడుతూ లేస్తూ సభకు వెళ్ళింది.

“అయ్యా, నన్ను ఆ నాటకానికి తీసుకెళ్ళండి. ఆ పిల్ల ఏమైందో తెలిస్తే చాలు. ఇంకేమీ అడగను.”

అధ్యక్షుడు ఏనుగు గంభీరయ్య గొంతు సవరించుకున్నాడు. “కళలంటే మాకు ప్రాణం సూరమ్మా. అందరం వెళదాం. ఇంతకీ ముందు వరుసలో ఎన్ని కుర్చీలున్నాయి?”

“పన్నెండు” అంది గోరింక.

అందరూ ఒకరినొకరు లెక్కపెట్టుకున్నారు. సభ్యులు ఇరవై ముగ్గురు.

ఇక చూడాలి ఆ సంబరం. రెండు రోజులు కుర్చీల మీదే చర్చ. రెండో వరుసలో కూర్చుంటే అత్తవారి గుహలో తలెత్తుకోలేనన్నాడు ఎలుగుబంటి. నెమలి సింగారయ్య తన తోకకే నాలుగు కుర్చీలు కావాలన్నాడు. తోకలు కొలవడానికి ఒక ఉపసంఘం వేశారు. ఆ ఉపసంఘానికి కోతిని పెద్దగా వేస్తే, అది తన తోకను రెండుసార్లు కొలుచుకుంది. ఆలు లేదు, చూలు లేదు, కొడుకు పేరు సోమలింగం. నగరానికి దారెటో ఇంకా ఎవరూ అడగలేదు.

మూడోరోజు కార్యదర్శి నక్క చలమయ్య లేచాడు. చలమయ్య ఏ చిక్కునైనా విప్పగలడు, విప్పాక అది ఇంకాస్త పెద్దదవుతుంది.

“అధ్యక్షా, ముందు వరుస కంటే ముందున్నది ఏది?”

“ఏది?”

“వేదిక. నాటకానికి ముందు ఆ నటులకు మనం సన్మానం చేద్దాం. సన్మానం చేసేవాళ్ళు వేదిక మీద కూర్చోవాలి గదా. ఇరవై మూడు కుర్చీలూ పైనే వేయిద్దాం.”

సభ్యులు కాళ్ళతో, రెక్కలతో, తోకలతో చప్పట్లు కొట్టారు. ఒక్క పూటలో ఆహ్వానపత్రిక తయారైంది. అధ్యక్షుడు ఏనుగు. ముఖ్య అతిథి ఎలుగుబంటి. తర్వాత విశిష్ట అతిథి, ఆత్మీయ అతిథి, జ్యోతి వెలిగించేవాడు, వెలిగించేవాడికి అగ్గిపెట్టె అందించేవాడు, అందించినందుకు అతన్ని అభినందించేవాడు. ఇరవై ముగ్గురి పేర్లూ పట్టాక, అడుగున మిగిలిన కాస్త చోటులో సన్నటి అక్షరాలతో ‘అనంతరం నాటకం’ అని వేశారు.

“మరి సూరమ్మత్త?” అడిగింది గోరింక.

చలమయ్య మొహం చిట్లించాడు. “పక్కన ఎవరు కూర్చుంటారే? శాలువాలకు చిల్లులు పడవూ? ఆవిడను తీసుకెళ్ళడమంటే పెళ్ళికి వెళుతూ పిల్లిని చంకన పెట్టుకెళ్ళినట్టే. సరే, వెనక గదిలో దండల బుట్టకు కాపలా ఉండమందాం.”

“వెనక గదిలోంచి నాటకం కనిపిస్తుందా బాబూ?” అంది సూరమ్మ.

“వినిపిస్తుందత్తా. పదేళ్ళ కిందట మాత్రం చూశావా ఏమిటి?”

సూరమ్మకు కడుపు మండింది. కానీ ఒంటరిగా పోయే వీలు లేదు. ముళ్ళు అణుచుకుని, బుట్ట ఎత్తుకుంది.

ఆదివారం మధ్యాహ్నానికి ఊరేగింపు నగరంలో అడుగుపెట్టింది. మొదటి సిగ్నల్ దగ్గర పచ్చదీపం వెలిగినా ఏనుగు కదల్లేదు. స్వాగతం చెప్పేవాళ్ళు వస్తారని ఆగాడు. వెనకాల అరమైలు దాకా బళ్ళు నిలిచిపోయి హారన్లు మోగించాయి. అదే స్వాగతమని చలమయ్య చెప్పాక చెయ్యెత్తి దీవించి ముందుకు నడిచాడు. ఎలుగుబంటి మిర్చిబజ్జీల బండి దగ్గర రెండుసార్లు తప్పిపోయి, రెండుసార్లూ అక్కడే దొరికాడు. మొత్తానికి నాలుగింటికి హాలు చేరారు.

హాలు మేనేజరు ఒక పిల్లి. చేతి గడియారం చూస్తూ నిలబడింది. “అయ్యా, నాటకం రెండు గంటలు. ఏడింటికల్లా హాలు ఖాళీ కావాలి. కోతిపిల్లల డాన్సు స్కూలు వార్షికోత్సవం ఉంది. ఒక్క నిమిషం కూడా ఆగరు.”

“మాది పది నిమిషాల పని” అన్నాడు చలమయ్య.

ఇరవై మూడు కుర్చీలు వేశారు. ఏనుగుకు రెండు వేయడంతో ఇరవై నాలుగయ్యాయి. వేదిక నిండిపోయింది. సన్మానం అందుకోవాల్సిన నటులకు నిలబడే చోటు లేదు. “మీరు కాసేపు వెనక గదిలో ఉండండి, పిలుస్తాం” అన్నాడు చలమయ్య. వేషాలు కట్టుకుని, రంగులు పూసుకుని ఉన్న నటులు చేసేది లేక లోపలికి నడిచారు.

సభ మొదలైంది. సింగారయ్య జ్యోతి వెలిగించి, ఆ ఆనందంలో పురి విప్పాడు. ఆ గాలికి జ్యోతి ఆరిపోయింది. అలా ఆరుసార్లు. తర్వాత ఎలుగుబంటి మైకు పట్టుకున్నాడు.

“నేను ఎక్కువసేపు మాట్లాడను” అన్నాడు.

వినేవాళ్ళలో లోకజ్ఞానం ఉన్న పావురాలు ఆ మాట వినగానే కళ్ళు మూసుకుని కునుకు తీశాయి.

వెనక గదిలో పడవ నారాయుడి వేషం వేసిన ముసలి గాడిద దుర్గారావు, బుట్ట పక్కన ముడుచుకుని కూర్చున్న సూరమ్మను చూశాడు. “ఏమ్మా, కళ్ళు తుడుచుకుంటున్నావు?”

సూరమ్మ అంతా చెప్పింది. వేదిక కింద దూరడం, వరద, పడవ విప్పడం, కుక్క తరమడం. “పదేళ్ళయింది నాయనా. ఆ పిల్ల ఇల్లు చేరిందా?”

దుర్గారావు తలుపు సందులోంచి వేదిక వైపు చూశాడు. బయట ఎలుగుబంటి తన చిన్ననాటి తేనెపట్ల గురించి చెబుతున్నాడు. ఇక్కడ నటుల ముఖాన రంగు ఆరిపోతోంది.

“పదేళ్ళు ఎదురుచూసిన ప్రేక్షకురాలు నాకింతవరకు దొరకలేదు” అన్నాడు దుర్గారావు. “లేవండర్రా. ఇక్కడే ఆడదాం.”

తలుపు మూశారు. దుప్పటి పరిచి ఏరు అన్నారు, బెంచీ తిరగేసి పడవ అన్నారు. సూరమ్మ ముందు వరుసలో కూర్చుంది. మధ్య వరుసా, వెనక వరుసా కూడా ఆవిడే.

ఆఖరి అంకంలో తలుపు తోసుకుని చలమయ్య వచ్చాడు. “దండలు కావాలి, త్వరగా.”

సూరమ్మ ఒంటిమీది ముళ్ళన్నీ లేచాయి. “పడవ నడి ఏట్లో ఉంది. చూస్తే కూర్చుని చూడు, లేకపోతే బయటికి పో.”

చలమయ్య బయటికి పోయాడు. దండలు వచ్చేవరకు రెండు మాటలు చెప్పమని అధ్యక్షుణ్ణి బతిమాలాడు. గంభీరయ్య లేచాడు. ఆయన తాతగారి పుట్టుక దగ్గర మొదలుపెట్టి తండ్రిగారి పెళ్ళి దాకా వచ్చేసరికి ఏడు కొట్టింది. గజ్జెలు కట్టుకున్న నలభై కోతిపిల్లలు వేదిక మీదికి దూకాయి. ఒకటి సింగారయ్య తోక పట్టుకుని ఊగింది. మేనేజరు తెర దించేసింది.

లోపల, సరిగ్గా అప్పుడే, నారాయుడి పడవ మునిగింది. సూరమ్మ దండల బుట్టను గట్టిగా వాటేసుకుంది. అంతలో ఆ పిల్ల తనే ఏరు ఈదుకుంటూ వచ్చి తండ్రి జుట్టు పట్టి ఒడ్డుకు లాగింది. తండ్రి ముందు తిట్టాడు, తర్వాత ఏడ్చాడు. సూరమ్మ ఇద్దరికంటే ఎక్కువ ఏడ్చింది. బుట్టలో దండలన్నీ తీసి నటుల మెడల్లో వేసింది. అసలు సన్మానం జరిగింది అదొక్కటే.

అడవికి వచ్చాక నాటకం అమోఘమని ఇరవై ముగ్గురూ ఊరంతా చెప్పారు. కథేమిటని పెళ్ళాలు అడిగారు. ఆ వారమంతా ఒకరికి తెలియకుండా ఒకరు సూరమ్మ గడపకు వచ్చారు. ఏనుగు అందరికంటే చాటుగా వచ్చానని అనుకున్నాడు.

“ఇంతకీ ఆ పిల్ల చేరిందా అత్తా?” గుసగుసగా అడిగాడు.

“వినిపించలేదా బాబూ? వేదిక మీదే ఉన్నారుగా” అంది సూరమ్మ.

మరుసటి ఏడు ఇంకో నాటకానికి బయల్దేరినప్పుడు నాటకం వెనక గదిలోనే ఆడతారనుకుని దండల బుట్ట కాపలాకు ఇరవై ముగ్గురూ పోటీపడ్డారు. ఎవరూ తగ్గకపోయేసరికి అందరినీ కాపలా వేశారు. బుట్ట చుట్టూ కిక్కిరిసి తెల్లమొహాలు వేసుకుని కూర్చున్నారు. నటులు ఈసారి నేరుగా వేదిక ఎక్కారు. ముందు వరుసలో పన్నెండు కుర్చీలు ఖాళీగా ఉంటే, సూరమ్మ వెళ్ళి నడిమి కుర్చీలో కాళ్ళు బారజాపి కూర్చుంది.

నీతి: నాటకం చూడాలనుకునేవాడు ముందుగా ఆహ్వానపత్రికలో తన పేరు లేకుండా చూసుకోవాలి.