తొమ్మిది, పది అంకెలకు అనుమతి

మనిషి కింద పడ్డాడా లేదా అన్నది ఉత్త కంటితో చూసి చెప్పేసే ఆటవిక దశను మానవజాతి దాటి చాలా కాలమైంది. పడ్డవాడు పడ్డట్టు ఇప్పుడు ఫైల్లో ఉండాలి. ఈ సత్యాన్ని లోకానికి అందించిన ఘనత ప్రపంచ ముష్టియుద్ధ పర్యవేక్షక మండలిది. (మండలి సభ్యుల్లో ఎవరూ జన్మలో ఎవరినీ కొట్టలేదు. నిష్పాక్షికతకు అంతకంటే ఏం కావాలి?)

మండలి నిబంధనల ప్రకారం బాక్సర్ కింద పడితే రిఫరీ ఎనిమిది దాకా సొంత బాధ్యత మీద లెక్కపెట్టవచ్చు. తొమ్మిది, పది మాత్రం పెద్ద అంకెలు. వాటి వల్ల ఒకరి బెల్టు ఊడి ఇంకొకరి నడుముకెక్కుతుంది. కాబట్టి ఆ రెండూ పలకాలంటే గణనాధికారి లిఖితపూర్వక అనుమతి ఉండాలి. ఆయన రింగు పక్కనే, నాలుగో నంబరు బల్ల దగ్గర, పదిన్నర నుంచి అయిదు దాకా అందుబాటులో ఉంటాడు. ప్రపంచ టైటిల్ పోటీలు పట్టపగలు ఆఫీసు వేళల్లో జరిగేది ఇందుకే.

ఇవన్నీ మావయ్యకు కంఠతా వచ్చు. ముప్పయ్యేళ్లు ఆఫీసులో పనిచేసి హెడ్ క్లర్కుగా రిటైరైన మనిషి. మేనకోడలికి బాక్సింగ్ నేర్పింది ఆయనే. గడువు తీరిన పాత ఫైళ్లను గోనెసంచిలో కుక్కి, వరండా దూలానికి వేలాడదీసి, "కొట్టవే తల్లీ" అన్నాడు. పదిహేనేళ్లు ఆ పిల్ల ఆ సంచిని వాయించింది. ఆ ఫైళ్లు తమ జీవితంలో కదిలాయంటే ఆమె చేతిలోనే కదిలాయి. అందరూ ఆమెను పిడుగు అనేవారు.

ఆ పిడుగుకు వచ్చే మంగళవారం ముప్పై అయిదు నిండుతాయి. ముప్పై అయిదు నిండినవాళ్లు టైటిల్‌కు పోటీ పడరాదు. (ఛాంపియన్‌కు ఇది వర్తించదు. ఉన్నవాళ్లను కదిలించడం మండలి సంప్రదాయం కాదు.) అంటే ఇవాళ్టి టైటిల్ పోటీ పోతే ఇక జన్మలో టైటిల్ లేదు. పొద్దున గ్లవ్స్ కడుతూ మావయ్య అదే చెప్పాడు.

"కొట్టడం నీ వంతు. కాగితాలు నా వంతు. మిగతాది నాకొదిలెయ్."

"కాగితాల విషయంలో నాకేం భయం లేదు మావయ్యా, నువ్వున్నావుగా," అంది పిడుగు. పాపం, మనస్ఫూర్తిగానే అంది.

ఛాంపియన్‌ను రోడ్డు రోలర్ అంటారు. ఎదురొచ్చినవాళ్లను చదును చేసి పోవడం ఆమె పద్ధతి. ఆ రోజు మాత్రం మూడో రౌండ్లో, సరిగ్గా పన్నెండుంబావుకు, పిడుగు ఎడమచేతి దెబ్బ ఆమె గడ్డం కింద తగిలింది. రోడ్డు రోలర్ వెల్లకిలా పడింది. హాలు దద్దరిల్లింది. మావయ్య కుర్చీ ఎక్కి, దిగి, మళ్లీ ఎక్కాడు. పిడుగు నిబంధన ప్రకారం రింగు మూలకు వెళ్లి నిలబడింది. రిఫరీ ఒక్కో వేలూ చాపుతూ లెక్కపెట్టాడు. "ఏడు... ఎనిమిది." ఆగాడు.

"ఫైలు పెట్టండి," అన్నాడు మావయ్యతో.

గడియారం ఆపేశారు. మావయ్య ఉరుకులు పరుగుల మీద నాలుగో బల్ల దగ్గరికి చేరాడు. ఆయన ముఖం వెలిగిపోతోంది. రిటైరయ్యాక మళ్లీ ఒక కౌంటర్ ముందు నిలబడటం ఇదే మొదలు.

"ఏ భాగం నేలను తాకింది?" అడిగాడు గణనాధికారి తల ఎత్తకుండా.

"మొత్తం తాకిందండీ."

"మొత్తం అక్కర్లేదు. పాదాలు తప్ప ఏది తాకినా పడినట్టే. వీపు అని రాయండి."

ఫారంలో ఇరవై ఆరు గళ్లున్నాయి. తప్పనిసరిగా నింపాల్సిన వాటి పక్కన చుక్క గుర్తు ఉంది. చుక్క లేని గడి జోలికి పోకూడదన్నది మావయ్య సర్వీసు మొత్తానికి మూలసూత్రం. అడగని వివరం ఇస్తే కొత్త ప్రశ్న పుడుతుంది, కొత్త ప్రశ్న పుడితే ఫైలు వెనక్కొస్తుంది. పడిన వేళకు చుక్క ఉంది, నింపాడు. హాలు పైకప్పు ఎత్తుకు చుక్క ఉంది, నింపాడు. పడిన వ్యక్తి పేరుకు చుక్క లేదు. వదిలేశాడు.

ఫారం ఇచ్చేసరికి ఒంటిగంట. గణనాధికారి టిఫిన్ బాక్సు తీశాడు. "రెండు తర్వాత రండి."

ఆ గంటా రింగులో ఎవరూ కదలకూడదు. రిఫరీ ఎనిమిది వేళ్లూ అలాగే ఎత్తి పట్టుకున్నాడు. దించితే లెక్క మళ్లీ ఒకటి నుంచి.

"ఏవండీ, ముక్కు దురద పెడుతోంది," అన్నాడు బతిమాలుతున్నట్టు.

మావయ్య రింగు ఎక్కి గోకాడు. "ఇక్కడా?" "కాస్త కిందకి... ఆఁ, బతికించారు." ప్రేక్షకులు చప్పట్లు కొట్టారు. (వాళ్లకూ ఏదో ఒకటి జరగాలి కదా.)

ఒకటీ నలభైకి రోడ్డు రోలర్‌కు మెలకువ వచ్చింది. పడుకున్నచోటే చుట్టూ చూసింది.

"పడ్డానా?"

"బాగా పడ్డావమ్మా," అన్నాడు మావయ్య మర్యాదగా.

"అబ్బ, ఏం దెబ్బ కొట్టింది మీ పిల్ల! ఇంకా తేల్చలేదా?"

రెండింటికి గణనాధికారి చేయి తుడుచుకుని కొత్త సంగతి చెప్పాడు. పడినవారి స్వయం ధ్రువీకరణ కావాలట. పడినవారే స్వయంగా బల్ల దగ్గరికి వచ్చి, ఆయన ఎదుట సంతకం చేయాలట.

మరొకరైతే గోల పెట్టేవారు. మావయ్యకు మాత్రం ఇలాంటి కోరిక న్యాయంగానే కనిపించింది. వెళ్లి రోడ్డు రోలర్ చెయ్యి పట్టుకుని, నడుము కింద చెయ్యేసి, తనే లేపి నిలబెట్టాడు.

"మెల్లగా తల్లీ, కళ్లు తిరుగుతాయేమో."

ఆవిడ నిజంగా మంచి మనిషి. "నేను పడ్డాను" అన్న చోట గుండ్రంగా సంతకం చేసి, రింగులోకి తిరిగొచ్చింది. "మళ్లీ పడుకోమంటారా?" అని కూడా అడిగింది.

"వద్దొద్దు," అన్నాడు గణనాధికారి కంగారుగా. "అది కొత్త పతనం అవుతుంది. కొత్త ఫైలు తెరవాలి."

ఈ లోపు మూలలోంచి పిడుగు పిలిచింది. "మావయ్యా, రెండు గంటలు దాటింది. కాళ్లు పీకేస్తున్నాయి."

మావయ్యకు ప్రాణం చివుక్కుమంది. చిన్నప్పటి నుంచీ పెంచిన పిల్ల. "కూర్చోవే కాసేపు, ఏం పోయింది! ఫైలు కదిలింది," అన్నాడు. పిడుగు హమ్మయ్య అనుకుంటూ చతికిలబడింది.

"ఉత్తర్వు మీరే రాసి పట్రండి, సంతకం పడేస్తాను," అన్నాడు గణనాధికారి. మావయ్యకు ఏనుగెక్కినంత సంబరం. కళ్లజోడు తుడుచుకుని, మార్జిన్ వదిలి, ఒక్క కొట్టివేత లేకుండా రాశాడు: "పై దరఖాస్తును పరిశీలించిన మీదట, రింగునందు కింద ఉన్న వ్యక్తికి తొమ్మిది, పది అంకెలు లెక్కించుటకు ఇందుమూలముగా అనుమతించడమైనది." చుక్క లేని వివరం ఒక్కటీ చొరబడనివ్వలేదు.

గణనాధికారి చదివి, మొదటిసారి తల ఎత్తాడు. "ఎక్కడ పనిచేశారండీ మీరు? ఇలాంటి డ్రాఫ్టు చూసి ఎన్నాళ్లయింది!" సంతకం పెట్టి, ముద్ర కొట్టాడు.

రిఫరీ ఉత్తర్వు చదివాడు. రింగంతా కలియజూశాడు. రోడ్డు రోలర్ నిలబడి ఉంది. కింద ఉన్నది ఒక్కరే.

మావయ్య రింగు తాళ్ల దగ్గరికి ఉరికాడు. "లేవే! లేవే తల్లీ!" అని అరిచాడు. పిడుగు లేవబోయింది. కాళ్లు రెండూ తిమ్మిరెక్కి ఉన్నాయి.

"తొమ్మిది. పది," అన్నాడు రిఫరీ, రెండు గంటల ఇరవై అయిదు నిమిషాల తర్వాత చేతులు దించుకుంటూ.

బెల్టు రోడ్డు రోలర్ నడుము మీదే ఉండిపోయింది. ఆవిడే ముందు ఏడ్చింది. పిడుగు నేల మీద కూర్చునే మావయ్యను చూసింది.

"పేరు రాయలేదా మావయ్యా?"

"చుక్క లేదే తల్లీ," అన్నాడు.

అప్పీలుకు సాయంత్రం అయిదు దాకా గడువుంది. ఉత్తర్వులో ఒక్క లోపం చూపిస్తే చాలు, కొట్టేస్తారు. మావయ్య బయట బల్ల మీద కూర్చుని, కళ్లు ఒత్తుకుంటూ, కాగితాన్ని మొదటి అక్షరం నుంచి చివరి ముద్ర దాకా ఏడుసార్లు చదివాడు. ఒక్క తప్పూ దొరకలేదు. రాసింది తనే మరి.