వంకాయ బాగుందట

తెలియని భాషకు తల ఊపడం అబద్ధమవుతుందా? శనివారం ఉదయం గడ్డం గీసుకుంటూ పద్మనాభం తనకు తాను వేసుకున్న ప్రశ్న ఇది. మాట అనలేదు కనుక కాదనీ, ఎదుటివాడు నమ్మాడు కనుక అవుననీ రెండు సమాధానాలు దొరికాయి. మొదటిది సౌకర్యంగా ఉండడంతో దాన్నే ఉంచుకున్నాడు.

అమెరికాలోని క్యారీ ఊళ్లో అతను పనిచేసే సాఫ్ట్‌వేర్ కంపెనీని ఆమధ్య ఒక జపాన్ సంస్థ కొన్నది. టోక్యోతో సంప్రదింపులు జరపడానికి కొత్తగా ఒక పోస్టు పుట్టింది. పద్మనాభం ప్రాజెక్టు వేసవితో ముగుస్తుంది. ఆ పోస్టు దొరికితే వీసా నిలుస్తుంది, లేకపోతే సామాను సర్దుకోవాలి. అందుకని ఫోనులో జపనీస్ పాఠాలు మొదలుపెట్టాడు. పలకరింపుల పాఠం, భోజనం పాఠం పూర్తయ్యేసరికి, అతనికి జపనీస్ వచ్చునన్న వార్త ఆఫీసంతా పాకింది. ఎవరడిగినా తల ఊపాడు. ఆ ధైర్యంతోనే టోక్యో నుంచి వచ్చిన మేనేజరు కినోషితను ఆ శనివారం ఇంటికి భోజనానికి పిలిచాడు. పథకం చిన్నది: పప్పు, గుత్తివంకాయ, కంఠస్థం చేసిన కొన్ని వాక్యాలు, ఆపైన సెలవు.

స్వాగత వాక్యాన్ని గుమ్మంలో తప్పు లేకుండా అప్పజెప్పాడు. చిక్కు అక్కడే వచ్చింది. ఆఫీసులో ఇంగ్లీషే మాట్లాడే కినోషిత ముఖం వెలిగింది. నడుము వంచి నమస్కరించి జపనీస్‌లోకి దిగాడు, మళ్లీ గట్టెక్కలేదు. సంభాషణను ఇంగ్లీషులోకి మళ్లించవచ్చు. కాని పక్కనే భార్య చాముండేశ్వరి నిలబడి ఉంది. మా ఆయన జపనీస్ గడగడా మాట్లాడతారని ఆమె అప్పటికే ఊళ్లోని తెలుగువాళ్లందరికీ చెప్పి ఉంది. పద్మనాభం తల ఊపాడు.

కినోషిత మెతుకు మిగల్చకుండా తిన్నాడు. పెట్టినది వదిలేయడం అతని పెంపకంలో అమర్యాద. అతిథి పళ్లెం ఖాళీగా ఉంటే చూస్తూ ఊరుకోవడం చాముండేశ్వరి పెంపకంలో అంతకన్నా అమర్యాద. ఆమె మళ్లీ వడ్డించింది, అతను మళ్లీ ఖాళీ చేశాడు. పాపం ఎన్నాళ్ల ఆకలో అని ఆమె మనసు కరిగింది.

అంతలో కినోషిత చెంచా దించి, గంభీరంగా చాలాసేపు ఏదో చెప్పాడు.

"ఏమంటున్నారండీ?" అని అడిగింది చాముండేశ్వరి.

"వంకాయ బాగుందట."

"అంతసేపూ వంకాయ గురించేనా?"

"వాళ్ల లాంగ్వేజ్‌లో మర్యాదలెక్కువ. సెంటెన్స్ పొడుగవుతుంది."

అంత మర్యాదస్తుడికి ఒక వంకాయతో సరిపెట్టడం ఆమెకు నచ్చక, ఇంకొన్ని వేసింది. ఆ వంకాయలు కూడా అయ్యాక కినోషిత ఏదో అడిగి, జవాబు కోసం ఆగాడు. పద్మనాభం భోజనం పాఠమంతా గుర్తు చేసుకుని, కూరగిన్నె వైపు చేయి చాపి, "దోజో" అన్నాడు. తీసుకోండి అని. కినోషిత ముఖం చిన్నబోయింది. అయినా తీసుకున్నాడు.

అన్నం అయిపోయింది. చాముండేశ్వరి ఎదురింటి త్రివేణికి ఫోన్ చేసింది. జపాన్ నుంచి వచ్చినాయన మన వంటకు పడిపోయాడని విన్న త్రివేణి, అన్నంతో పాటు గోంగూర పులిహోర కూడా పట్టుకుని తనే వచ్చింది. అక్క వంట తిని తన వంట తినకపోతే తను చిన్నబుచ్చుకోవాల్సి వస్తుందని తెలుగులోనే చెప్పి, పళ్లెం నింపింది.

కినోషిత నుదుట చెమట పట్టింది. ఒక చేయి బెల్టు మీదికి వెళ్లింది. గొంతు తగ్గించి మళ్లీ ఏదో అన్నాడు.

"ఏమంటుండు అన్నా? గోంగూర గురించేనా?" అంది త్రివేణి.

పద్మనాభం నోరు తెరిచాడు. తను చెప్పే ప్రతి అబద్ధమూ ఆ మనిషి పళ్లెంలో గరిటెడు అన్నంగా పడుతోందని అప్పుడు స్ఫురించింది.

"నాకు తెలీదు," అన్నాడు. "మొదట్నుంచీ ఒక్క ముక్క అర్థం కాలేదు."

అదే మాట కినోషితకు ఇంగ్లీషులో చెప్పాడు.

కినోషిత ఇంగ్లీషులో, ఎవరినీ నిందించకుండా, జరిగినదంతా వివరించాడు. మొదట చెప్పింది, పోస్టు మీకే ఇస్తున్నామని. తర్వాత అడిగింది, చేరతారా అని.

"మీరు కూర చూపించారు," అన్నాడు. "మాలో కాదనడానికి మొహమాటపడేవాళ్లు మాట మారుస్తారు. అందుకని ఇప్పుడు, పర్వాలేదు, రఘుకి ఇస్తానన్నాను."

రఘు పద్మనాభం పక్క సీటువాడు.

"నాకు జపనీస్ రాదు కదా, సర్," అన్నాడు పద్మనాభం నీరసంగా.

"ఆ పనికి అక్కర్లేదు. ఇక మీద అంతా ఇంగ్లీషే మాట్లాడాలని టోక్యోలో ఆర్డర్ వేశారు. ఇవాళ నా భాష వినపడితే ప్రాణం లేచొచ్చింది, అంతే."

"అయితే ఆ జాబ్ నేనే తీసుకుంటాను, సర్. అవును. యెస్."

కినోషిత తల వంచాడు. సోమవారం నుంచే చేరమన్నాడు. వీసా నిలిచిందని పద్మనాభం చెప్పగానే చాముండేశ్వరి కళ్లొత్తుకుంది. శుభవార్త విన్న ఇంట్లో పెరుగన్నం తినకుండా లేవకూడదని, కినోషిత అడ్డుపెట్టిన చేతి పక్కనుంచి రెండు గరిటెలు వడ్డించింది.

కినోషిత పద్మనాభం వైపు చూశాడు. ఆ చూపుకు అనువాదం అక్కర్లేదు. పద్మనాభం నిశ్చయించుకున్నాడు. చేయి చాచి, పళ్లెం తన ముందుకు లాక్కుని, కలుపుకోవడం మొదలుపెట్టాడు.

"ఎంగిలండీ అది," అంది చాముండేశ్వరి.

టోక్యో వ్యవహారాల్లో అతను చేపట్టిన మొదటి బాధ్యత అది.