తొమ్మిదో సౌకర్యం

ఒక పెద్ద అడవిలో తలుపున్న గుహ ఒక్కటే ఉండేది. అది మృగరాజు గారిది. మిగతా జంతువులకి తలుపులు లేవు, తలుపు వేసి దాచుకునేంత ఆస్తీ లేదు.

ఆ తలుపు తీయడానికీ వేయడానికీ పొలుసయ్య అనే అలుగు ఉండేవాడు. ఒళ్లంతా పొలుసులు, పొడుగాటి గోళ్లు, మహా పిరికి గుండె. ఎవరైనా గట్టిగా పేరు పెట్టి పిలిస్తే చాలు, బంతిలా చుట్టుకుపోయేవాడు. పిలిచినవాళ్లు కాసేపు ఆగి మెల్లగా మళ్లీ పిలవాలి. అయినా పన్నెండేళ్లుగా తలుపు దగ్గర అతనే. గుహ గోడని ఆనుకుని అతనికో బొరియ ఇచ్చారు. అందులో అతనూ, భార్య సీతాలూ, సీతాలు తోక మీద ఎక్కి తిరిగే పసిపిల్లా కాపురం ఉండేవారు. ఎంత వానకైనా చుక్క నీరు దిగని బొరియ అది.

సీతాలుకి ఒక్కటే కోరిక. అడవికి ఆ చివర, వాళ్ల అమ్మగారి ఊళ్లో, చెదపుట్టలు పుష్కలం. నాలుగు రోజులు వెళ్లి కడుపునిండా చెదలు తిని రావాలి.

"ఏవయ్యా, సెలవడిగావా?" అనేది రోజూ.

"అడుగుతాలేవే" అనేవాడు పొలుసయ్య. పాపం, అడుగుదామనే వెళ్లేవాడు. మహారాజు తల తిప్పి చూసేసరికి చుట్టుకుపోయేవాడు.

అలాంటి రోజుల్లో వలస కొంగల కంపెనీ ఒకటి వచ్చి మహారాజు గుహకి ఆటోమేషన్ పెట్టింది. అంటే ఇకమీదట గుహ తన పనులు తనే చేసుకుంటుందన్నమాట. తీగలు లాగారు, సెన్సార్లు అంటించారు, లోపలి గోడకి ఒక పలక బిగించారు. ఆ పలకలో ఎనిమిది సౌకర్యాలు ముందే ఉన్నాయి. కొంగ మాత్రం మూడే ఆన్ చేసింది. మహారాజు గర్జిస్తే తలుపు తెరుచుకుంటుంది. చీకటి పడితే దీపం వెలుగుతుంది. తొట్టి ఖాళీ అయితే నీళ్లు పడతాయి. తలుపు వేయడం మాత్రం ఇంకా పొలుసయ్య చేతిలోనే ఉంది.

"మిగతా ఐదూ ఆఫ్‌లో ఉంచాను. కావాలంటే మీరే ఆన్ చేసుకోవచ్చు" అంది కొంగ. "కాకపోతే ఒకటి ఆన్ చేసి, వారం రోజులు చూసి, అప్పుడు రెండోది. అన్నీ ఒకేసారి వద్దు."

కొంగ ఈ మాట చెప్పేటప్పటికి మహారాజు సభలోవాళ్లంతా భోజనాల దగ్గర ఉన్నారు. విన్నది నిచ్చెన పట్టుకుని నిలబడ్డ పొలుసయ్య ఒక్కడే.

వెళ్లబోయే ముందు కొంగ మహారాజు గొంతు కూడా రికార్డు చేసుకుంది. ఏదైనా మాట్లాడమంటే ఆయన అలవాటుకొద్దీ సభలో రోజూ అనేదే అన్నాడు.

"చూద్దాం. అలాగే చేద్దాం. వెళ్లి రండి."

కొంగలు ఎగిరిపోయిన మర్నాడే అడవికి ఒక సాంకేతిక సలహాదారు పుట్టుకొచ్చాడు. చిటికేశ్వరం అనే కొండముచ్చు. వేళ్లు సన్నగా ఉండడం అతని అర్హత. పలక మీది బుల్లి మీటల్ని నొక్కగలడు.

"ప్రభూ, ఎనిమిదింటిలో మూడే వాడుకుంటున్నాం" అన్నాడు చిటికేశ్వరం సభలో. "ఐదు సౌకర్యాలు ఊరికే కూర్చుని ఉన్నాయి."

"ఊరికే కూర్చున్నవాళ్లని చూస్తే నాకు ఒళ్లు మంట" అన్నాడు మహారాజు పడుకునే.

కార్యదర్శి వికటరావు నవ్వాడు. ఆయన దుమ్ములగొండి. ముందు నవ్వి, తర్వాత నవ్వెందుకొచ్చిందో కనుక్కునే రకం. "ఆన్ చేసేద్దాం ప్రభూ" అన్నాడు.

ఆ సభకి ఒక ఆచారం ఉంది. ఏదొచ్చినా జాతులవారీగా పంచాలి, ఎవరికీ అన్యాయం జరగకూడదు. కాబట్టి సౌకర్యాలనీ పంచారు. ఎవరైనా వస్తే పూలు చల్లే స్వాగత సౌకర్యం నెమళ్లు తీసుకున్నాయి. నేల మీద చెత్త పడితే కడిగే శుభ్రత ఏనుగులకి వెళ్లింది. తడి తగిలితే తలుపు మూసే వాన జాగ్రత్త కుందేళ్లకి. యజమాని బయటికెళ్తే లోపలే ఉన్నట్టు ఆయన గొంతు వినిపించే సౌకర్యం ఒకటుంది, అది కొండముచ్చులకి. దొంగ వస్తే కేకపెట్టి తలుపు బిగించేది అడవిపందులకి.

ఇక ఏది ముందు ఆన్ చేయాలన్న మాట వచ్చింది. అంతే, సభ వేడెక్కింది.

"మాది రెండో వారమా? అంటే మేం రెండో రకమా?" అంది అడవిపంది.

"చిన్నవాళ్లమనేగా మమ్మల్ని చివరికి తోసేస్తున్నారు" అని కుందేలు కళ్లు తుడుచుకుంది.

గంటసేపు కొట్లాడుకుని, ఐదింటినీ ఒకే ముహూర్తానికి ఆన్ చేయాలని ఏకగ్రీవంగా తీర్మానించారు.

తలుపు దగ్గర పొలుసయ్య ఒక అడుగు ముందుకేశాడు. కొంగ చెప్పింది చెప్పాలి. గొంతు సవరించుకున్నాడు. "అయ్యా, ఒకటి పెట్టి, వారం..."

"ఏంటి పొలుసయ్యా?" అని వికటరావు గట్టిగా అడిగాడు.

పొలుసయ్య చుట్టుకుపోయాడు.

"అభ్యంతరం లేదని రాసుకోండి" అన్నాడు వికటరావు. ఆ ఊపులోనే ఇంకో తీర్మానం చదివాడు. ఇక అన్ని పనులూ గుహే చేసుకుంటుంది కనుక తలుపు దగ్గర మనిషి అక్కర్లేదు. ముహూర్తం రోజు మధ్యాహ్నానికల్లా అలుగు కుటుంబం బొరియ ఖాళీ చేయాలి. అందులో సాంకేతిక సలహాదారు ఆఫీసు పెడతారు.

చెట్ల మీద బతికే కొండముచ్చుకి బొరియ ఎందుకని ఎవరూ అడగలేదు. బోర్డు తగిలించుకోవడానికి గోడ ఉండాలి కదా. మహారాజు ఆవలించి, "చూద్దాం. అలాగే చేద్దాం" అన్నాడు.

సంగతి విని సీతాలు పిల్లని దగ్గరికి లాక్కుంది. తర్వాత, "తొలకరి నెత్తి మీదుంది. పిల్లదాన్ని ఎక్కడ పెట్టుకోమంటావు?" అంది.

"మహారాజుని అడుగుతాను."

"నువ్వా?" అంది సీతాలు. ఎగతాళిగా అనలేదు, అందుకే పొలుసయ్యకి మరీ బాధేసింది.

ముహూర్తం ఉదయం పది నలభైకి. గుహ ముందు తోరణాలు కట్టారు. డప్పులు, నెమళ్ల ఆటలు, ఏనుగుల ఘీంకారాలు, ఒకటే గోల. చిటికేశ్వరం లోపలికెళ్లి ఐదు వేళ్లతో ఐదు మీటలూ ఒక్కసారే నొక్కి, దండ వేయించుకోవడానికి బయటికి పరుగెత్తుకొచ్చాడు. మహారాజు గర్జించాడు, తలుపు తెరుచుకుంది. ఆయన కుడికాలు ముందు పెట్టి లోపలికి వెళ్లాడు.

ఇక చూడండి. ఎవరో వచ్చారని స్వాగతం బుట్టెడు పూలు చల్లింది. నేల మీద పూలు చూసిన శుభ్రత, అబ్బో ఇంత చెత్తా అని, కుండెడు నీళ్లు కుమ్మరించింది. తడి తగిలిన వాన జాగ్రత్త దబ్బున తలుపు మూసింది. మహారాజు ఎగిరి బయటపడ్డాడు కానీ, తోక చివరి కుచ్చు కాస్తా ఊడి లోపల ఉండిపోయింది. యజమాని బయటున్నాడని తెలిసి గుహలోంచి ఆయన గొంతే గంభీరంగా పలికింది.

"చూద్దాం. అలాగే చేద్దాం. వెళ్లి రండి."

యజమాని లోపల మాట్లాడుతుంటే బయట జూలు వేసుకుని తిరిగేవాడెవడు? దొంగే. ఐదో సౌకర్యం అడవంతా దద్దరిల్లేలా దొంగ, దొంగ అని కేకపెట్టి తలుపు గడియ బిగించింది.

"మాది పనిచేసింది" అని అడవిపందులు చంకలు గుద్దుకుని మహారాజు చుట్టూ మూగాయి.

"నేనురా, మీ రాజుని. తలుపు తెరువు" అని మహారాజు గర్జించాడు.

"చూద్దాం" అంది గుహ.

"చూసేదేంటి? ఇప్పుడే తెరవాలి."

"అలాగే చేద్దాం. వెళ్లి రండి."

వెళ్లి రమ్మన్నారు కదా అని సభ్యుల్లో సగం మంది దణ్ణం పెట్టి బయల్దేరారు కూడా. వికటరావు ఇటు చూసి నవ్వాడు, అటు చూసి నవ్వాడు. ఇటేమో ఒంటినిండా తడి పూలు అంటుకుని, తోక కుచ్చు లేని సింహం. అటేమో రాజుగారి గుహ, రాజుగారి గొంతు. ఆయన కాసేపు ఆలోచించి గుహ వైపు తిరిగి వంగాడు.

"ఇన్నాళ్లూ మనం దణ్ణం పెట్టింది లోపలున్నవారికే. ఇప్పుడూ అంతే" అన్నాడు.

అప్పుడే వాన మొదలైంది. వాన పడితే పడింది గానీ, గుహ ముందు అర్జీల వరస పెరిగింది. తేనెతుట్టెల తగాదా చెప్పుకున్న ఎలుగుబంటికి "అలాగే చేద్దాం" వచ్చింది. నీటిగుంట అడిగిన దున్నలకీ వచ్చింది. రాజుగారు ఇంత చలాకీగా ఎప్పుడూ పనిచేయలేదని అందరూ మురిసిపోయారు.

మహారాజు అడవిపందుల్ని తప్పించుకుని, వానలో గుహ చుట్టూ తిరిగి తిరిగి, చివరికి పొలుసయ్య బొరియ కనిపిస్తే తల దూర్చాడు. ముక్కు మాత్రమే పట్టింది. లోపల సీతాలు మూట కడుతోంది. ఆ ముక్కుని చూసి పొలుసయ్య బంతి అయిపోయాడు.

"పొలుసయ్యా, నేనెవర్ని?" అని అడిగింది ముక్కు. ఆ గొంతులో గర్జన లేదు. వణుకు ఉంది.

"తమరు మహాప్రభువులు. పన్నెండేళ్లుగా రోజూ ఎడమ పాదం రెండుసార్లు దులుపుకుని లోపలికొస్తారు. నాకు తెలియదా?" అన్నాడు పొలుసయ్య, చుట్టుకునే.

"ఈ అడవిలో నన్ను గుర్తుపట్టింది నువ్వొక్కడివే."

"గుర్తుపట్టినందుకే కాబోలు ఇల్లు ఖాళీ చేయమన్నారు" అంది సీతాలు.

"ఎవరన్నది?"

"తమరే. అలాగే చేద్దాం అన్నారట."

ముక్కు కాస్త వెనక్కి జరిగింది. సీతాలు మొగుణ్ని తోకతో ఒక్కటిచ్చింది. "చుట్టుకుంది చాలు. ఆ గోడ అవతల గుహేగా? తవ్వు."

పొలుసయ్య విచ్చుకున్నాడు. తవ్వడం అతనికి భయం లేని పని. గోళ్లు ఆడిస్తుంటే మట్టి వచ్చి మహారాజు ముక్కు మీద పడింది. ఆయన తుమ్మాడు, పొలుసయ్య చుట్టుకున్నాడు, సీతాలు మళ్లీ విప్పింది. ఇలా మూడు తుమ్ములయ్యేసరికి గోడకి కన్నం పడింది.

లోపల పూలు, నీళ్లు, కేకలు, ఆ మధ్యలో పలక. పొలుసయ్య గోళ్లూ సన్నవే. ఇన్నాళ్లూ ఎవరూ అడగలేదంతే. ఆన్ చేసిన ఐదింటినీ ఒక్కొక్కటే, కొంగ చెప్పినట్టు చూసుకుంటూ, ఆపాడు. దొంగ కేక ఆగింది. గొంతు "అలాగే" దగ్గర ఆగిపోయింది. గడియ ఊడింది, బయట మహారాజు గర్జించగానే తలుపు తెరుచుకుంది. మహారాజు వచ్చి ఎడమ పాదం రెండుసార్లు దులుపుకుని లోపలికి నడిచాడు.

బయట వరసలో ఉన్నవాళ్లు మాత్రం గొణుక్కున్నారు. "ఆయనే నయం, వెంటనే తేల్చేవాడు" అంది ఎలుగుబంటి.

విచారణ సంఘం వేశారు. దానికి పెద్ద చిటికేశ్వరమే, ఎందుకంటే జరిగినదాని గురించి అందరికన్నా ఎక్కువ తెలిసింది అతనికే. తప్పు ఎవరిదీ కాదని తేలింది. అసలు పలకలో ఎనిమిది కాదు, తొమ్మిది సౌకర్యాలు మొదటినుంచీ ఉన్నాయనీ, తొమ్మిదోదాన్ని తామే గుర్తించామనీ నివేదిక రాశారు. పలక అడుగున కొత్తగా ఒక గడి గీశారు.

పొలుసయ్య ఆ గడి చూసుకుని ఉబ్బితబ్బిబ్బయ్యాడు. "తొమ్మిది: అలుగు. ఆన్" అని ఉంది. బొరియ కూడా శాశ్వతంగా అతనిదేనని రాసి ఇచ్చారు.

సీతాలు కూడా వచ్చి చూసింది. పలకంతా పైనించి కిందికి తడిమింది.

"మిగతావాటికి ఆన్ పక్కన ఆఫ్ ఉందే. నీకేదయ్యా?"

పొలుసయ్య వెతికాడు. లేదు. అయినా ఇప్పుడతనికి ధైర్యం వచ్చింది. రాజుని కాపాడినవాడు. తిన్నగా వెళ్లి మహారాజు ఎదుట నిలబడ్డాడు, ఈసారి చుట్టుకోలేదు. "మహాప్రభో, నాలుగు రోజులు సెలవు కావాలి. మా ఆవిడని పుట్టింటికి తీసుకెళ్లాలి" అన్నాడు.

మహారాజు అతని వంక ఎంతో ప్రేమగా చూశాడు.

"చూద్దాం. అలాగే చేద్దాం. వెళ్లి రా."

పొలుసయ్యకి అనుమానం వచ్చి పలక దగ్గరికెళ్లి చూశాడు. గొంతు వినిపించే సౌకర్యం ఆఫ్‌లోనే ఉంది.

నీతి: నువ్వు లేకపోతే పని జరగదని పైవాళ్లకి తెలియనివ్వకు, తెలిశాక జరగనిది నీ సెలవే.