ముప్పై ఒక్క లైట్లు

ఆ గురువారం ఉదయం మాస్టారి పథకం చాలా చిన్నది. స్నానం చేయాలి, కాఫీ తాగాలి, పన్నెండు లోపల ప్రెస్సుకు వెళ్ళి ఒకే ఒక్క మాట అప్పజెప్పి రావాలి. ఆ మాట ‘లైట్’.

మాస్టారు ముప్పై ఏళ్ళు లాటిన్ పాఠాలు చెప్పి రిటైరైన మనిషి. గత పదకొండేళ్ళుగా ఇంగ్లీషు మాటలకు లాటిన్ అర్థాలిచ్చే నిఘంటువు రాస్తున్నారు. మొదటి సంపుటం అంతా ప్రెస్సులో ఉంది. ఈ ఒక్క మాట చేరితే అచ్చు మొదలవుతుంది. “ఇవాళ పన్నెండు దాటితే ఇంకొకరి పుస్తకం మెషినెక్కిస్తాం. తర్వాత మీ వంతు వచ్చే ఏడాదే” అని ప్రెస్సు యజమాని ఫోనులో మర్యాదగానే బెదిరించాడు.

మాస్టారి పని పద్ధతి వేరు. ఒక మాటకు ఎన్ని అర్థాలుంటే అన్ని చీటీలు. ప్రతి చీటీ నెత్తిన ఎర్ర సిరాతో ఇంగ్లీషు మాట పెద్దగా రాస్తారు. అడుగున పెన్సిలుతో, చీమ తలకాయంత అక్షరాలతో లాటిన్ మాట. దీపమైతే లూమెన్, బరువు లేనిదైతే లెవిస్, శ్రమ లేని పనైతే ఫకిలిస్. పెన్సిలు ఎందుకంటే, రేపు ఇంకా మంచి మాట తడితే చెరిపి రాసుకోవచ్చని. ‘లైట్’కు అలా ముప్పై ఒక్క చీటీలు తేలాయి.

ఈ వ్యవహారమంతా మేడమీది గదిలో జరుగుతుంది. ఆ గదిలోకి మనుషులకే కాదు, చీపురుకు కూడా ప్రవేశం లేదు. మాస్టారే ఊడ్చుకుంటారు, లేదా ఊడ్చానని చెబుతారు. అందుచేత ఆ పుస్తకం సంగతి ఇంట్లోవాళ్ళకు భూమి గుండ్రంగా ఉందన్నట్టు విని నమ్మినదే తప్ప కళ్ళారా చూసినది కాదు. ఆ రోజు మాత్రం ఆయన దారం చుట్టిన చీటీల కట్టను కిందికి తెచ్చి, భోజనాల బల్లమీద పెట్టి, స్నానానికి వెళ్ళారు.

కోడలు బల్ల తుడుద్దామని కట్ట ఎత్తింది. దారం ఊడింది. చీటీలన్నీ బల్లనిండా పరుచుకున్నాయి.

“అత్తయ్యగారూ, ఒకసారి ఇలా రండి,” అంది గొంతు తగ్గించి. “మామయ్యగారు ఒకే మాట ముప్పైసార్లు రాశారు.”

అత్తగారు కళ్ళజోడు లేకుండా చూసింది. ఎర్రగా, పెద్దగా, లైట్. పక్కన లైట్. దాని పక్కన కూడా లైటే. పెన్సిలు గీతలు ఆవిడ కంటికి మరకల్లా కనిపించాయి, కోడలు కంగారులో వాటిని పట్టించుకోనే లేదు.

“మొన్న కళ్ళజోడు ఫ్రిజ్‌లో పెట్టారు,” అంది నెమ్మదిగా.

“నన్ను రెండుసార్లు మా అక్క పేరుతో పిలిచారు.”

“లైట్ ఆపడం మర్చిపోతున్నారని నేను రోజూ సణుగుతున్నాను కదా. పాపం, గుర్తుంచుకోవడానికి ఇలా రాసుకుంటున్నట్టున్నారు.” ఆవిడకు ముప్పై ఎనిమిదేళ్ళ కాపురంలో సణిగిన సణుగుడంతా ఒక్కసారి గుర్తొచ్చి కళ్ళు తుడుచుకుంది. వెంటనే డాక్టరైన తమ్ముడికి ఫోను చేసింది.

కోడలు జాగ్రత్తగల పిల్ల. మామగారి మనసు నొప్పించకూడదని ముప్పై చీటీలు తీసి బీరువాలో దాచింది. గుర్తు చేయడానికి ఒకటి చాలు కదా అని ఒక్కటి మాత్రం బల్లమీద వదిలింది. మనిషి బయటికెళ్ళి దారి తప్పిపోతే ఎలా అని ఆయన చెప్పులు కూడా దాచింది.

మాస్టారు తల తుడుచుకుంటూ వచ్చి బల్లవైపు చూశారు.

“మిగతా ముప్పై ఏవమ్మా?”

అత్తాకోడళ్ళు ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. “ఒకటి ఉందిగా మామయ్యగారూ. అన్నీ అదేగా,” అంది కోడలు లాలనగా.

“అదే ఎలా అవుతుంది? ఇది బరువు గురించి. దీపం ఏది? కిటికీ ఏది? తక్కువ సామానుతో నడిచే సిపాయి ఏడి?”

“సిపాయి వస్తాడు లెండి, మీరు కూచోండి,” అంది భార్య, కాఫీ అందిస్తూ.

మాస్టారికి చిర్రెత్తుకొచ్చింది. గడియారం పదిన్నర చూపిస్తోంది. ఆయన బల్లకింద దూరి వెతికారు, దిండ్లు ఎత్తి వెతికారు, చెత్తబుట్ట బోర్లించారు. “నా లైట్లేవీ?” అని ఇల్లంతా తిరిగారు. కోడలు వెనకాలే నడుస్తూ, ఆయన తృప్తికోసం ప్రతి గదిలోనూ లైటు వేసింది. పట్టపగలు ఇల్లంతా పెళ్ళిపందిరిలా వెలిగిపోయింది. వెతకడం మాని నేరుగా ప్రెస్సుకే వెళ్ళి గడువు అడుగుదామనుకుంటే చెప్పులు లేవు, వీధి తలుపుకు లోపలినుంచి తాళం ఉంది.

అప్పటికి డాక్టరు బావమరిది పెరటి తలుపున వచ్చాడు. ఎదురుగా కూచుని చిరునవ్వు నవ్వాడు. ఆ నవ్వు మాస్టారికి ఎప్పుడూ నచ్చలేదు.

“ఇవాళ ఏ వారం బావగారూ?”

“గురువారం. గంటలో నా పదకొండేళ్ళ కష్టం గంగలో కలుస్తుంది.”

డాక్టరు తలాడించి, పైకప్పు నుంచి వేలాడుతున్న బల్బువైపు వేలు చూపించాడు. “అదేమిటో చెప్పండి.”

“లైట్.”

“లైట్ అంటే?”

“ఏ అర్థంలో?” అన్నారు మాస్టారు.

డాక్టరు కాగితం మీద ఏదో రాసుకున్నాడు. భార్య కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. డాక్టరు నాడి చూశాడు, రక్తపోటు చూశాడు. “కంగారు పడకక్కా. ఇవాళ్టికి విశ్రాంతి. తిండి కూడా లైట్‌గా పెట్టు,” అన్నాడు.

మాస్టారు కుర్చీలోంచి దిగ్గున లేచారు. “తిండి. లైట్ తిండి. పదకొండేళ్ళలో ఈ అర్థం నాకెందుకు తట్టలేదయ్యా? కాగితం, కాగితం ఇవ్వండి.”

జేబులోంచి ఎర్ర కలం, పెన్సిలు తీశారు. ముగ్గురూ చూస్తుండగానే, డాక్టరు చేతిలోని కాగితం లాక్కుని, నెత్తిన పెద్దగా లైట్ అని రాశారు. కోడలు గోడవైపు తిరిగి ఏడ్చింది. భార్య అయితే ఇంక దాచుకోకుండా బావురుమంది.

డాక్టరు మాత్రం ఆ కాగితాన్ని చూస్తున్నాడు. ఎర్ర మాట కింద, పెన్సిలుతో సన్నగా రెండు మాటలు పడ్డాయి. కళ్ళజోడు సర్దుకున్నాడు. “అక్కా, మిగతావి ఎక్కడున్నాయి?”

బీరువాలోంచి చీటీలు వచ్చాయి. ఒక్కొక్కటే వెలుతురుకు పెట్టి చదివాడు. “ఇదిగో, లూమెన్. మా చదువులో ఉందిది. ఇవి ఒకటి కావక్కా. ముప్పైకీ ముప్పై అర్థాలు.”

“నేనూ పొద్దుటినుంచీ అదేగా మొత్తుకుంటున్నా,” అన్నారు మాస్టారు.

భార్య ఏడుపు మధ్యలోనే నవ్వడం మొదలుపెట్టింది. కోడలు చెప్పులు తెచ్చి కాళ్ళముందు పెట్టింది. డాక్టరు కారు తీశాడు. పన్నెండుకు ఏడు నిమిషాలుండగా మాస్టారు ముప్పై రెండు చీటీలూ గుండెకు హత్తుకుని ప్రెస్సులో అడుగుపెట్టారు. అంత హుషారుగా ఆయన మెట్లెక్కడం డాక్టరు ఎన్నడూ చూడలేదు.

“రండి రండి,” అన్నాడు యజమాని. “ఒక్క మాట ఉంది, ఆపండన్నారు కదా. వారం రోజులుగా మెషిను ఆపి కూచున్నాం. మిగిలిన ఆ మాటేదో మా ఎవరికీ అంతుపట్టలేదు.”

మాస్టారు గర్వంగా కట్ట అందించారు. యజమాని పైచీటీ చదివి, చీటీలు నాలుగు తిరగేసి, లోపలికెళ్ళి ఒక ప్రూఫు తెచ్చి బల్లమీద పరిచాడు.

“లైట్. ముప్పై ఒక్క అర్థాలు. ఇరవై రోజుల కిందట మీరే తెచ్చిచ్చారు మాస్టారూ. దిద్ది, కింద సంతకం కూడా పెట్టారు.”

సంతకం ఆయనదే. మాస్టారు ఒక చేత్తో చీటీలు, ఒక చేత్తో ప్రూఫు పట్టుకుని వరసగా సరిచూశారు. దీపానికి దీపం, బరువుకు బరువు, సిపాయికి సిపాయి. వరస కూడా మారలేదు. ముందు చెమట పట్టింది. చివరి అర్థం దగ్గరికొచ్చేసరికి ఎందుకో చెప్పలేనంత సంతోషమేసింది.

“ఏమయ్యా, ఇది జబ్బేనంటావా?” అని బావమరిదిని అడిగారు.

“ఒకే పెద్ద పనిని రెండుసార్లు చేశారు, రెండుసార్లూ ఒక్క తప్పు లేదు. దీన్ని ఏ జబ్బు కింద రాయాలో నాకు తెలీదు బావగారూ.”

యజమాని ముప్పై రెండో చీటీ ఒక్కటి తీసుకుని, లైట్ తిండిని వరసలో చేర్చమని లోపలికి కేకేశాడు. మెషిను కదిలింది. డాక్టరు జేబులో ఫోను మోగింది. అవతల అక్క.

“సమయానికి అందిందా అని అడుగుతోంది బావగారూ. ఏం చెప్పను?”

“ఇరవై రోజుల ముందే అందిందని చెప్పు,” అన్నారు మాస్టారు.